పదమూడో తొట్టె తూకం

మా వార్డులో ఆవిడకు పేరు లేదు. ఉండే ఉంటుంది, రోజూ హాజరు పట్టీలో సంతకం పెట్టేది కదా. కానీ పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆవిడ తూకం సిస్టరే. నేను ఉద్యోగంలో చేరిన రోజున తెలిసీ తెలియక "తూకం గారూ" అని పిలిచాను. వార్డంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. చేతులు కడుక్కున్నావా అని అడిగింది.

అప్పుడే పుట్టిన పిల్లల వార్డు మాది. పన్నెండు తొట్లు. నెలలు నిండకుండా వచ్చేసినవాళ్లు, పచ్చకామెర్లవాళ్లు, పాలు తాగడానికి బద్ధకించేవాళ్లు, ఊపిరి తీసుకోవడం మరిచిపోయేవాళ్లు, అందరూ మా దగ్గరికే వస్తారు. బయట తల్లులు పిల్లల గురించి ఎన్నో కోరుకుంటారు, చదువులనీ ఉద్యోగాలనీ. మా దగ్గర కూర్చున్న తల్లులు ఇరవై గ్రాములు కోరుకుంటారు. నిన్నటికంటే ఇరవై గ్రాములు పెరిగిందంటే ఆ రోజు వాళ్లకు అన్నం సయిస్తుంది.

ఆ ఇరవై గ్రాములు చెప్పే మనిషి తూకం సిస్టర్. ఉదయం ఆరింటికి మొదలుపెట్టేది. ముందు సొరుగులోంచి కిలో ఇనపగుండు తీసి మిషను మీద పెట్టి, మిషను నిజం చెబుతోందో లేదో చూసేది. పిల్లల్ని చుట్టే గుడ్డలన్నిటినీ ఉతికి ఆరాక ఆవిడే తూచి, మూలన చెరగని సిరాతో అంకె రాసేది. ఇది నూట పది, ఇది నూట నలభై, ఇది తొంభై అయిదు. చలికి పిల్లను ఊరికే విప్పకుండా గుడ్డతోనే తూచి, గుడ్డ బరువు తీసేసేది. పిల్ల గింజుకుంటుంటే మిషనులో అంకె నిలవదు. మేమైతే నాలుగుసార్లు చూసి మధ్యలో ఏదో ఒకటి రాసేసేవాళ్లం. ఆవిడ అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుని, పిల్ల పొట్ట మీద ఒక్క వేలు ఆనించి, రెండు ఏడుపుల మధ్య వచ్చే ఆ చిన్న నిశ్శబ్దం కోసం కాచుకుని ఉండేది. అది దొరికితేనే రాసేది.

ఇంటి దగ్గర కూడా అంతేనట. భర్త వీధి చివర క్షౌరశాల నడిపేవాడు. ఆవిడ ఎంత మితభాషో ఆయన అంత వాగుడుకాయ. "నేను కత్తిరిస్తాను, ఆవిడ తూస్తుంది, ఇక మా ఇంట్లో పెరిగేదేముంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. కూరగాయల కొట్టతను ఆవిడ దూరంగా కనపడితే చాలు, అడగకుండానే ఇంకో టమాటా వేసేవాడని ఆవిడ కూతురు నాతో చెప్పింది. తూకం సిస్టర్ నలుగురు తోబుట్టువుల్లో పెద్దది. పద్దెనిమిదేళ్లకే నర్సింగులో చేరి, చెల్లెళ్లనూ తమ్ముణ్నీ ఒడ్డున పడేసింది. ఇంతకు మించి పెద్ద చరిత్రేమీ లేదు. ఇరవై రెండేళ్లు ఒకే వార్డు, ఒకే మిషను.

ఇక పెద్ద డాక్టరు గారి సంగతి చెప్పాలి. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గొంతు పెంచడం ఎరగరు. సూది గుచ్చాల్సి వస్తే పిల్ల కాలు పట్టుకుని క్షమాపణ అడిగినట్టు ఓ క్షణం ఆగేవారు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది, అది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

ఏ పిల్లకైనా పుట్టుకలోనే సరిదిద్దలేని తేడా ఉందని, ఎన్నాళ్లో బతకదని రక్త పరీక్షలో తేలిందనుకోండి. ఆయన తండ్రిని వరండాలోకి పిలిచి రెండు నిమిషాలు మాట్లాడేవారు. లోపలికొచ్చి సిస్టర్‌తో, ఈ పిల్లకు రేపట్నుంచి తూకం అక్కర్లేదు అనేవారు. అంతే. ఆ మాటతో వార్డు మొత్తానికి అర్థమైపోయేది. ఇక పరీక్షలు ఉండవు. ఊపిరి ఆగితే వెంటిలేటరు మిషను పెట్టరు. పాలు, వెచ్చదనం, శుభ్రం, ఇవి మాత్రం ఉంటాయి. తొమ్మిదింటికి రౌండ్స్‌లో తూకం సిస్టర్ ప్రతి తొట్టె దగ్గరా పైకి చదివేది: తొట్టె నంబరు, పుట్టి ఎన్నో రోజు, ఎంత బరువు, నిన్నటికెంత తేడా. తూకం ఆపిన తొట్టె దగ్గర నంబరు, రోజు చదివి ముందుకు జరిగేది. ఆవిడతో పాటు మేమందరం జరిగేవాళ్లం. డాక్టర్ల చూపు కూడా పక్క తొట్టె మీదకు జరిగేది. కార్డులో తూకం గడులు ఖాళీగా ఉండిపోయేవి.

నేను కూడా అలాగే జరిగాను, ఎన్నోసార్లు. ఒకరిని వేలెత్తి చూపేటప్పుడు నా సంగతీ చెప్పుకోవాలి.

ఏడో తొట్టెలోకి ఆ ఆడపిల్ల వచ్చింది. పదిహేడు వందల ఎనభై గ్రాములు. నెలలు నిండి పుట్టినా అంతే. గడ్డం చిన్నది, చెవులు కాస్త కిందికి, గుండెలో రంధ్రం. పిడికిళ్లు గట్టిగా బిగించి, చూపుడు వేలిని మధ్య వేలి మీదకు ఎక్కించి ఉంచేది. పాలు పీల్చలేదు, ముక్కులోంచి పొట్టలోకి సన్న గొట్టం వేసి పోసేవాళ్లం. రోజుకు నాలుగైదుసార్లు ఊపిరి ఆగేది. అరికాలు రుద్దితే, అయ్యో మరిచిపోయానన్నట్టు మళ్లీ తీసుకునేది. నాలుగో రోజుకు పదహారు వందల తొంభైకి దిగి, మర్నాడూ అక్కడే నిలిచింది. అయిదో రోజున పరీక్ష ఫలితం వచ్చింది. పద్దెనిమిదో నంబరు క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. పెద్ద డాక్టరు తండ్రిని వరండాలోకి పిలిచారు. అతను సిటీ బస్సు నడుపుతాడు. ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. లోపలికి తిరిగొచ్చి భార్య పక్కన నిలబడి, ఏమన్నారని ఆవిడ అడిగితే, చూద్దామన్నారు అని చెప్పాడు. ఆరో రోజు నుంచి ఏడో తొట్టెకు తూకం ఆగిపోయింది.

ఆ తల్లి పోస్టాఫీసులో పార్సెళ్ల కౌంటరులో పని చేసేది. కుట్లు ఇంకా మానకుండానే తొట్టె పక్కన ఇనప కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేది. ఏడ్చేది కాదు, ఎవర్నీ విసిగించేదీ కాదు. చూసేది. మూడు ఉదయాలు చూసింది. ఆరో తొట్టె పిల్లను ఎత్తుతారు, తూస్తారు, పడుకోబెడతారు. ఏడును దాటి ఎనిమిదికి పోతారు. తొమ్మిదో రోజు పొద్దున తూకం సిస్టర్ గుడ్డ పట్టుకుని ఎనిమిదో తొట్టె వైపు తిరుగుతుంటే ఆపింది.

"సిస్టర్, మా పాపను ఎందుకు తూచట్లేదు?"

డాక్టరు గారు చెప్పలేదమ్మా అంది సిస్టర్. మా అందరికీ కంఠతా వచ్చిన జవాబు అదే.

"నేను రోజూ పార్సెళ్లు తూస్తాను సిస్టర్. తడిసింది వచ్చినా, చిరిగింది వచ్చినా ముందు తూకం వేస్తాం. ఎటూ పంపనిదాన్ని ఒక్కదాన్నే తూచకుండా పక్కన పెడతాం. మా పాప ఎటూ పోదని మీకు తెలిసిపోయిందా?"

ఆవిడ గొంతు పెంచలేదు. కౌంటరులో వివరం అడిగినట్టే అడిగింది. తూకం సిస్టర్ మిగిలిన తొట్లు తూచి గుడ్డల గదిలోకి వచ్చింది. నేను అక్కడ ఉతికిన గుడ్డలు మడత పెడుతున్నాను. తలుపు చేరవేసి ముక్కాలి పీట మీద కూర్చుంది. పని వేళలో ఆవిడ కూర్చోగా చూడటం నాకు అదే మొదలు.

నేను చేరడానికి ముందు జరిగిన సంగతి ఆవిడ అప్పుడు చెప్పింది. ఇలాంటి పిల్లాడే ఒకడు ఉండేవాడు. నాలుగో రోజున తూకం ఆపారు. వారం అన్నారు, వాడు ముప్ఫై మూడు రోజులు ఉన్నాడు. పోయాక తల్లి వాణ్ని ఒళ్లో పెట్టుకుని, చివరికి ఎంత ఉన్నాడు సిస్టర్, పెరిగాడా అని అడిగింది. ఇరవై తొమ్మిది గడులు ఖాళీ. ఈవిడ రెండు కిలోల వంద అని చెప్పింది. ఆ తల్లి ఆ అంకెను రెండుసార్లు పైకి అనుకుందట, మరిచిపోకుండా. ఇప్పుడు ఎక్కడో ఎవరికో చెప్పుకుంటూ ఉంటుంది, మావాడు పోయేనాటికి రెండు కిలోల వంద ఉన్నాడని.

"నేను జన్మలో వేసిన దొంగ తూకం అదొక్కటే" అంది సిస్టర్. కళ్లు తుడుచుకోలేదు, అవి తడిగా ఉన్నాయని ఆవిడకు తెలిసినట్టు కూడా లేదు.

నేను భయస్తురాలిని. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది సిస్టర్, ఇన్నేళ్లుగా జరుగుతున్నది ఇప్పుడు మనం కదిపితే పెద్ద డాక్టరు ఊరుకుంటారా, ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది మీకు అన్నాను. ఆవిడ లేచి, నేను మడత పెట్టిన దొంతరలోంచి నూట నలభై గుడ్డను ఏరి, రేపటికని విడిగా పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆరో తొట్టె తర్వాత ఏడో తొట్టె దగ్గర ఆగింది. అరచేతులు రుద్దుకుంది. పిల్లను చుట్టి మిషను మీద పెట్టింది. ఆ పిల్ల ఏడ్వలేదు, గింజుకోలేదు. అంకె వెంటనే నిలిచింది. తల్లి కుర్చీలోంచి లేచి వచ్చి చూసింది. ఆవిడకు గుడ్డ సంగతి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. మూలన ఉన్న నూట నలభై చూసి, మనసులోనే తీసేసి, పదిహేడు వందల ఇరవై అంది.

తొమ్మిదింటికి రౌండ్స్. పెద్ద డాక్టరు గారి వెనక కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ. ఆవిడ వచ్చి మూడు నెలలు. పెద్దాసుపత్రిలో చదివొచ్చింది, చురుకైనది, ఏడో తొట్టె దగ్గర అందరూ ముందుకు జరిగితే తను మాత్రం అర నిమిషం వెనకే ఉండిపోయేది. నేను కార్డుల పళ్లెం పట్టుకుని చివర ఉన్నాను. ఒకటి, రెండు, మూడు అయ్యాయి. ఆరు అయింది.

"ఏడో తొట్టె" అంది తూకం సిస్టర్. "పదో రోజు. పదిహేడు వందల ఇరవై. ఆఖరి తూకం కంటే ముప్ఫై ఎక్కువ."

పెద్ద డాక్టరు అప్పటికే ఎనిమిదో తొట్టె వైపు ఒక అడుగు వేసేశారు. ఆ అడుగు వెనక్కి తీసుకుని, దీన్ని తూచమని ఎవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదు సార్, తల్లి అడిగింది అంది సిస్టర్.

ఆయన ఇంకేదో అనేలోగా చిన్న డాక్టరమ్మ అందుకుంది. సందు కోసమే చూస్తున్నట్టుంది పాపం. బరువు పెరుగుతోంది కాబట్టి గుండె స్కాను తీయించాలని, ఊపిరి ఆగినప్పుడు మిషను పెట్టాలని, తను చదివిన చోట ఇలాంటి పిల్లలు కొందరు బడి వయసు దాకా వచ్చారని చెప్పింది. కొందరంటే ఎందరు అని ఆయన అడిగారు. ఆవిడ అంకె చెప్పింది, చిన్న అంకే. మరి మిగతావాళ్లు ఎలా పోయారో కూడా చదివావా అని ఆయన అడిగారు. మిషను పెడితే గొంతులో గొట్టం, చేతికి సూదులు, తల్లికి ఎత్తుకునే వీలు ఉండదు, చివరికి అదే ఫలితం అన్నారు. ప్రయత్నించకుండానే ఫలితం ఎలా తెలుస్తుందని ఆవిడంది. ఒకరు వద్దని, ఒకరు కావాలని, ఇద్దరూ ఆ తొట్టె మీదుగానే మాట్లాడుకున్నారు. జానెడు దూరంలో తల్లి కుర్చీ ఉంది. వద్దన్నాయన ఆవిడను అడగలేదు సరే, కావాలన్న ఆవిడ కూడా అడగలేదు. నాకు ఒళ్లు మండింది, కానీ పళ్లెం గట్టిగా పట్టుకోవడం తప్ప ఏమీ చేయలేదు.

"సార్" అంది తూకం సిస్టర్. "ఆ తల్లికి ఇంకా ఏమీ తెలియదు."

"తండ్రికి చెప్పాను కదమ్మా."

"తండ్రి చెప్పలేదు సార్."

పెద్ద డాక్టరు తల్లి వైపు తిరిగారు. పది రోజుల్లో ఆవిడ ముఖం ఆయన సరిగ్గా చూసింది అప్పుడేనేమో. ఆవిడ లేచి నిలబడింది. ఆయన కూర్చోమని చెప్పి, తానూ ఒక ముక్కాలి పీట తెప్పించుకుని కూర్చున్నారు. రౌండ్స్‌లో ఆయన కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. మమ్మల్ని వెళ్లమన్నారు కానీ తొట్ల మధ్య తెరలు తప్ప గోడలు లేవు. అన్నీ వినపడ్డాయి.

తడుముకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఇది మందులతో పోయేది కాదని, ఇలా పుట్టినవాళ్లలో ఎక్కువమంది నెల కూడా దాటరని, ఈ పాప కూడా నెల దాటదని తన అంచనా అని చెప్పారు. తర్వాత ఎవరూ అడగకుండానే తన సంగతి చెప్పుకొచ్చారు. కొత్తలో ఇలాంటి పిల్లను ఆయన అరవై ఒక్క రోజులు మిషను మీద ఉంచారట. రోజూ బరువు చెప్పేవారట, తల్లి రోజూ సంబరపడేదట. ఆ తల్లి బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నది ప్రాణం పోయాకే.

"అంకె పెరుగుతుంటే ఎవరూ నా మాట చెవిన పెట్టరమ్మా" అన్నారు. "అందుకే తూకం ఆపించడం మొదలుపెట్టాను. ఆశ పెట్టి తీసేయడం కంటే పెట్టకపోవడం నయమనుకున్నాను."

ఎనిమిదో తొట్టె పిల్ల ఏడ్చి, ఊరుకుని, మళ్లీ ఏడుపు అందుకుంది.

"మీ మాట నేను వింటున్నానండీ" అంది తల్లి చివరికి. "ఆశ పెట్టుకోవాలో వద్దో నేను చూసుకుంటాను. ఆ అంకె మాత్రం మాది కదండీ."

ఆ తర్వాత ఆవిడ అడగడం మొదలుపెట్టింది. పాపకు నొప్పి తెలుస్తోందా? ఊపిరి ఆగినప్పుడు భయపడుతుందా? గొట్టంతో పాలు పోయడం తనకు నేర్పిస్తారా? ఇంటికి తీసుకెళ్లొచ్చా? ఒక్కోదానికీ ఆయన జవాబు చెప్పారు. రెండిటికి నాకు తెలియదమ్మా అన్నారు. మధ్యాహ్నం షిఫ్టు దిగి భర్త వచ్చాడు. భార్యకు తెలిసిపోయిందని ముఖం చూడగానే అర్థమైంది అతనికి. మింగలేక కక్కలేక అయిదు రోజులు తిరిగిన మనిషి, తొట్టె అంచు పట్టుకుని భోరుమన్నాడు. ఆవిడ అతని వీపు మీద చెయ్యి వేసి, ఇద్దరం కలిసి మోయాల్సింది ఒక్కడివే మోశావెందుకు అని మాత్రం అంది.

సాయంత్రానికి తమ నిర్ణయం చెప్పారు. గొంతులో గొట్టం వద్దు. ముక్కు దగ్గర ఆక్సిజన్, ఊపిరి ఆగితే మాస్కుతో ఒక ప్రయత్నం, అంతవరకు సరే. గుండె స్కాను తీయండి, మందుతో సర్దుకునేదైతే మందివ్వండి, కోతలు వద్దు. రోజూ తూచాలి. పాపను ఇంటికి తీసుకెళ్తాం. చిన్న డాక్టరమ్మ ముఖం వాడిపోయింది, మిషను దాకా వెళ్తారనుకుంది. పెద్ద డాక్టరు ముఖమూ వెలగలేదు. ఇద్దరికీ సగం సగమే దక్కింది. అయినా ఇద్దరూ కార్డు మీద సంతకం పెట్టారు.

వారం తిరక్కుండానే పెద్ద డాక్టరు పేరుతో గోడ మీద ఒక కాగితం వెలిసింది. అన్ని తొట్లకూ, ఏ మినహాయింపూ లేకుండా, రోజూ తూకం వేయాలని. కుందేలు నాలుగో కాలు కూడా ఆయనే కనిపెట్టినట్టు రాశారు. తూకం సిస్టర్ ఆ కాగితం చదివి, మూలన ఊడిన జిగురు అంటించి వెళ్లిపోయింది. సిస్టర్ మీద చర్య తీసుకుంటారని నేను పడ్డ భయమంతా వృథా.

నలభై ఒకటో రోజున ఏడో తొట్టె ఖాళీ అయింది. పిల్ల ఇంటికి వెళ్లింది, రెండు కిలోల నూట పది గ్రాములు. ఈసారి అది నిజం తూకమే. తల్లి గొట్టం మార్చడం, మాస్కు పట్టడం మా కొత్త నర్సుల కంటే పొందిగ్గా నేర్చుకుంది. పోస్టుమాస్టరు పక్కన పడేసిన పాత తూకం మిషనును ఇంట్లో వాడుకోమని ఇచ్చాడట. తూకం సిస్టర్ తన ఇనపగుండు సంచిలో వేసుకుని బస్సెక్కి వాళ్లింటికి వెళ్లి, ఆ మిషనును పరీక్షించి వచ్చింది. నూట నలభై గుడ్డను వాళ్లకే ఇచ్చేసింది. వార్డు సామాను బయటికి ఇవ్వడం నేరమని మాకు పాఠాలు చెప్పిన మనిషి ఆవిడే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున వార్డు ఫోను మోగేది. సిస్టర్ ఎత్తి, హలో కూడా అనకుండా, ఎంత అని అడిగేది. అటు నుంచి అంకె వచ్చేది. ఇటు కార్డులో పడేది. మొదటి సోమవారం రౌండ్స్‌లో పన్నెండో తొట్టె చదివాక అందరూ వెళ్లబోతుంటే ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది. "పదమూడో తొట్టె. నలభై మూడో రోజు. రెండు కిలోల నూట నలభై." మాకు పదమూడో తొట్టె ఎక్కడిదో పెద్ద డాక్టరుకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కార్డు అందుకుని సంతకం పెట్టి ఇచ్చారు. తర్వాత అది అలవాటైపోయింది. సిస్టర్‌కు జలుబు చేసి రాని సోమవారం, ఆయనే నా వైపు తిరిగి, పదమూడు చదవలేదేం అన్నారు.

అన్ని అంకెలూ పైకే పోలేదు. ఒక నెలంతా దిగింది. రెండుసార్లు జ్వరంతో తీసుకొచ్చారు. ఎనిమిదో నెలలో వచ్చినప్పుడు ఆ పిల్ల నవ్వింది. అది నవ్వు కాదు, పొట్టలో గాలి అని చిన్న డాక్టరమ్మతో ఎవరో అన్నారు. అన్నవాళ్లను ఆవిడ ఎంత తీక్షణంగా చూసిందంటే మళ్లీ ఆ మాట వినపడలేదు. ఏడాది నిండిన వారం పరీక్షకని తెచ్చారు. పెద్ద డాక్టరు పాప పిడికిట్లోకి తన చూపుడు వేలు దూర్చి, అది బిగుసుకునేదాకా ఆగారు.

"నెల అన్నాను" అన్నారు తల్లితో. "పదకొండు నెలలు తప్పాను."

"మీరు చెప్పారు కాబట్టే రోజులు లెక్కపెట్టుకుని చూసుకున్నామండీ" అందావిడ. ఆ మాట ఆయన్ని ఊరడించడానికి అందో, నిజంగానే అందో నాకు తెలియలేదు.

మరో నెల గడిచింది. ఆ ఆదివారం నాకూ సిస్టర్‌కూ ఒకటే డ్యూటీ. ఫోను ఎప్పటికంటే ఆలస్యంగా, పదకొండు దాటాక మోగింది. ఆవిడ ఎడం చేత్తో కార్డు దగ్గరకు లాక్కుని, కలం తీసి, ఎంత అని అడిగింది.

వార్డులో ఫోను గొంతు పెద్దది, పక్కనున్నవాళ్లకు వినపడుతుంది.

"ఈవేళ తూచలేదక్కా" అంది తల్లి. "పొద్దున్నుంచీ ఎత్తుకునే ఉన్నాను. పదింటికి వెళ్లిపోయింది. నా ఒళ్లోనే. దించాలనిపించలేదు."

సిస్టర్ కలం మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"మీ గుడ్డ తిరిగి ఇవ్వలేనక్కా. అందులోనే ఉంది."

"ఉండనీ అమ్మా" అంది సిస్టర్. "వెచ్చగా ఉంటుంది."

ఫోను పెట్టేశాక గుడ్డల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉంది. పన్నెండింటి పాల వేళకు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

సోమవారం రౌండ్స్. ఒకటి నుంచి పన్నెండు దాకా ఎప్పటిలాగే చదివింది. పెద్ద డాక్టరు కదలకుండా నిలబడ్డారు, కార్డు కోసం చెయ్యి అప్పటికే చాచారు.

"పదమూడో తొట్టె" అంది తూకం సిస్టర్. "మూడు వందల తొంభై మూడో రోజు. తూకం లేదు. అమ్మ ఎత్తుకుంది."

ఆయన కార్డు తీసుకున్నారు. ఆఖరి గడిలో అంకె ఉండాల్సిన చోట ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఆ రెండు మాటలే రాసి ఉన్నాయి. వాటి పక్కన, ప్రతి సోమవారం పెట్టినట్టే, సంతకం పెట్టారు.